ఆర్గానిక్ వ్యవసాయంలో రీసెర్చ్ చెయ్యాలనుకునే పీజీ, పీహెచ్‌డీ స్టూడెంట్లకి: మొదట్నుంచి ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి

"ఆర్గానిక్ మీద థీసిస్ చేద్దామనుకుంటున్నా, కంపోస్ట్ వేస్తే మట్టిలో కర్బనం ఎంత పెరుగుతుందో చూస్తా" అని ఎవరైనా చెప్పగానే నేను ఒక కాగితం తీసి ఈ లెక్క వేస్తా, మీరూ వేసి చూడండి. ఒక హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి తీసుకుందాం. ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాముల బరువు అనుకుంటే మొత్తం 1,950 టన్నుల మట్టి. అందులో సేంద్రియ కర్బనం 0.6 శాతం ఉంటే 11.7 టన్నులు. ఏడాదికి 5 టన్నుల కంపోస్ట్ వేశారు, తేమ 40 శాతం తీసేస్తే పొడి సరుకు 3 టన్నులు, దాంట్లో పావు వంతు కర్బనం అనుకుంటే 750 కిలోలు. అదంతా మట్టిలో ఉండిపోదు కదా, సూక్ష్మజీవులు తినేసి చాలా భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పంపేస్తాయి, పావు వంతు నిలిచిందనుకున్నా ఏడాదికి 190 కిలోలు, రెండేళ్ళకి 380. అంటే 0.60 కాస్తా 0.62 అవుతుంది. ఒకే మడిలో ఈ మూలకీ ఆ మూలకీ మధ్య తేడానే అంతకన్నా ఎక్కువుంటుంది, ఇక మీ ల్యాబ్ కొలతలో తప్పు సంగతి వేరే.

ఈ సబ్జెక్టులోకి వచ్చేవాళ్ళకి నేను ముందు చెప్పేది అదే. ఆర్గానిక్ పద్ధతిలో మట్టి మారే వేగం వేరు, మీ డిగ్రీ నడిచే వేగం వేరు. ఈ రెండూ కలిసే చోట ప్రశ్న పెట్టుకున్నవాళ్ళ థీసిస్ నిలబడుతుంది, మిగతావాళ్ళు రెండేళ్ళు కష్టపడి "తేడా ఏమీ కనపడలేదు" అని రాసుకుంటారు, నిజానికి తేడా లేక కాదు, కనపడేంత టైమ్ ఇవ్వక.

ముందు అసలు ఆర్గానిక్ అంటే ఏంటో తేల్చుకోండి

యూరియా మానేసి పేడ ఎరువు వేస్తే ఆర్గానిక్ అయిపోదు. ఎరువు, పురుగుమందు తీసేసి దాని బదులు ఇంకోటి పెట్టడం అనేది ఇన్‌పుట్ మార్పు మాత్రమే. పంట మార్పిడి, పచ్చిరొట్ట, పశువులు, గట్ల మీద మొక్కలు, విత్తనం, ఇవన్నీ కలిసి ఒక వ్యవస్థగా నడవడం అసలు సంగతి. 1972లో మొదలైన ఐఫోమ్ అనే అంతర్జాతీయ సమాఖ్య 2005లో నాలుగు సూత్రాలు ఆమోదించింది: ఆరోగ్యం, జీవావరణం, న్యాయం, జాగ్రత్త. చదవడానికి మామూలుగా ఉంటాయి కానీ మీ ట్రీట్‌మెంట్, అంటే ప్లాట్‌లో మీరు పరీక్షించే పద్ధతి, ఆర్గానిక్ కిందికి వస్తుందా రాదా అని పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్ అడిగినప్పుడు అవే పనికొస్తాయి.

చట్టం వైపు కూడా చూడాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో సాధారణ పంటలకి విత్తే ముందు కనీసం రెండేళ్ళు, బహువార్షిక పంటలకి మొదటి కోతకి ముందు మూడేళ్ళు మార్పిడి కాలం, అంటే మామూలు సేద్యం నుంచి ఆర్గానిక్‌కి మారే కాలం, ఉంటుంది, అమెరికాలో నిషేధించిన పదార్థం ఆఖరిసారి వేసినప్పట్నుంచి కోత దాకా 36 నెలలు గడవాలి. నిన్నటిదాకా రసాయనాలు వేసిన ప్లాట్‌లో ఇవాళ మొదలుపెట్టి "ఆర్గానిక్ దిగుబడి" అని పేపర్లో రాస్తే అది తప్పు, దాన్ని "మార్పిడి దశలో దిగుబడి" అనాలి. ఈ ఒక్క మాట సరిగ్గా రాయకపోవడం వల్ల వెనక్కి తిరిగొచ్చిన పేపర్లు నేను చూశాను.

చదవడం: వాదనలు రెండు వైపులా చదవండి

దిగుబడి గొడవతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఎక్కడికి వెళ్ళినా మిమ్మల్ని ముందు అడిగేది అదే. 2012లో నేచర్‌లో సియుఫర్ట్ బృందం 66 స్టడీల నుంచి 316 పోలికలు తీసి చూస్తే ఆర్గానిక్ దిగుబడి సగటున 25 శాతం తక్కువ వచ్చింది, కానీ పంటనీ పరిస్థితినీ బట్టి అది 5 శాతం నుంచి 34 శాతం దాకా మారింది. తర్వాత పొనీసియో బృందం 115 స్టడీలతో చేసిన విశ్లేషణలో తేడా 19 శాతం దగ్గర తేలింది, అదీ ఆర్గానిక్ వైపు అంతర పంటలో పంట మార్పిడో ఉంటే 8, 9 శాతానికి దిగింది. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని ఏ స్టడీని ఎందుకు తీసుకున్నారు, ఎందుకు వదిలేశారు అని వారం రోజులు కూర్చుని చూడండి. ఆర్గానిక్ ప్లాట్‌కి బయట నుంచి బోలెడంత పశువుల ఎరువు తెచ్చి వేస్తే దిగుబడి బాగానే వస్తుంది, కానీ ఆ ఎరువులోని నత్రజని ఎక్కడిది? రసాయన ఎరువులతో పండిన మేత తిన్న పశువులదైతే ఆ లెక్క ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఆర్గానిక్‌ని విమర్శించేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా అనిపించేది ఇదే, దీనికి సమాధానం చెప్పలేకపోతే మన పని గట్టిపడదు.

డబ్బు వైపు 2015లో క్రౌడర్, రెగనోల్డ్ చేసిన పని చదవండి. ఎక్కువ ధర లేకపోతే ఆర్గానిక్ రైతు నష్టపోతాడు, కానీ మామూలు సేద్యంతో సమానం కావడానికి 5 నుంచి 7 శాతం ఎక్కువ ధర చాలని వాళ్ళ లెక్క. మీది సాయిల్ సైన్స్ అయినా సరే ఇది తెలిసుండాలి.

పేపర్లు దొరకట్లేదనుకునేవాళ్ళు ఆర్గానిక్ ఈప్రింట్స్ అనే ఉచిత ఆర్కైవ్ చూడండి, ఈ రంగం కోసమే పెట్టింది, జర్నల్స్‌లో రాని రిపోర్టులు కూడా అందులో ఉంటాయి.

ఎక్కడ చేరాలి, ఎవరి దగ్గర చేరాలి

నా దృష్టిలో మొత్తం దారిలో ఇదే పెద్ద నిర్ణయం. యూనివర్సిటీ పేరు కన్నా ఆ డిపార్ట్‌మెంట్‌కి ఎన్నేళ్ళ నుంచి నడుస్తున్న ట్రయల్ ప్లాట్లు ఉన్నాయి అనేది ముందు కనుక్కోండి. పైన వేసిన లెక్క ఇక్కడే పనిచేస్తుంది, మీ రెండేళ్ళలో కనపడని మార్పు వేరేవాళ్ళు ముప్ఫై ఏళ్ళు కష్టపడి నిలబెట్టిన ప్లాట్‌లో కళ్ళ ముందే ఉంటుంది, మీరు వెళ్ళి కొలవడమే.

ఎలాంటివో చెప్తా. స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర థెర్విల్‌లో 1978 నుంచి డోక్ ట్రయల్ నడుస్తోంది, బయోడైనమిక్, ఆర్గానిక్, మామూలు పద్ధతులు పక్కపక్కనే. 21 ఏళ్ళ ఫలితాలు 2002లో సైన్స్ పత్రికలో వచ్చాయి: ఆర్గానిక్ పద్ధతుల్లో దిగుబడి 20 శాతం తగ్గింది, కానీ ఎరువులు, ఇంధనం వాడకం 34 నుంచి 53 శాతం, పురుగుమందులు 97 శాతం తగ్గాయి. అమెరికాలో రోడేల్ అనే సంస్థ వాళ్ళ ట్రయల్ 1981 నుంచి ఉంది. 2007 నుంచి కెన్యా, ఇండియా, బొలీవియాలో ఫిబ్ల్ అనే ఆర్గానిక్ పరిశోధన సంస్థ నడిపే సిస్‌కామ్ ట్రయల్స్ ఉన్నాయి, వేడి ప్రాంతాల పంటలకి అవి చాలా విలువైనవి. ఇక ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆర్గానిక్ కోసం పెట్టింది కాదు, కానీ అక్కడ హూస్‌ఫీల్డ్ అనే పొలంలో ఒక ప్లాట్‌కి 1852 నుంచి 1871 దాకా పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్ళు దాటాక కూడా ఆ ప్లాట్‌లో కర్బనం ఎప్పుడూ ఎరువు వెయ్యని పక్క ప్లాట్ కన్నా ఎక్కువే ఉంది. మట్టి ఎంత నెమ్మదిగా మర్చిపోతుందో దీన్ని మించి ఎవరూ చెప్పలేరు.

గైడ్‌కి మెయిల్ రాసేటప్పుడు "మీ పని నాకు చాలా ఇష్టం" అని పేజీ నింపకండి. వాళ్ళ ఏదో ఒక పేపర్లో ఒక టేబుల్ పట్టుకుని, ఇక్కడ రెండో ఏడాది కలుపు బరువు అంత పెరగడానికి కారణం ఏంటి, అది చూడాలని ఉంది అని నాలుగు లైన్లు రాయండి చాలు. ఇంటర్వ్యూలో మీరు కూడా మూడు విషయాలు అడగండి. ప్లాట్ల పాత డేటా స్టూడెంట్లకి ఇస్తారా, కూలీల ఖర్చు ప్రాజెక్టులో ఉందా, సీజన్ పోతే ఇంకో సీజన్‌కి ఫెలోషిప్ పొడిగిస్తారా. మూడోదానికి తడబడితే జాగ్రత్తపడండి, వర్షం ముందో వెనకో పడి ఒక సీజన్ పోవడం ఈ పనిలో అందరికీ జరిగేదే.

ప్రశ్న రాసే ముందు ఒక సీజన్ పొలంలో ఉండండి

కోర్స్‌వర్క్ జరుగుతుండగానే ఎవరిదైనా ట్రయల్‌లో చేతులు పెట్టండి, జీతం లేకపోయినా సరే. కలుపు తియ్యండి, కంపోస్ట్ కుప్ప తిరగెయ్యండి, కోత రోజు తూకం దగ్గర నిలబడండి. నేను సూక్ష్మజీవుల మీద పని చేద్దామని వచ్చినదాన్ని, మొదటి సీజన్‌లో నలభై ఐదు రోజుల పంటలో ఆర్గానిక్ ప్లాట్లు దూరం నుంచే లేత పసుపుగా కనపడ్డాయి, పక్కనున్నవి ముదురాకుపచ్చ. దగ్గరికెళ్ళి కింది ఆకులు చూస్తే కొస నుంచి ఈనె వెంబడి పసుపు దిగుతోంది, నత్రజని చాలట్లేదు. చిత్రం ఏంటంటే మూడు వారాల తర్వాత అవే ప్లాట్లు పచ్చబడ్డాయి, అంటే కంపోస్ట్ నత్రజని ఇస్తోంది కానీ పంట అడిగినప్పుడు కాదు, తర్వాత ఇస్తోంది. నా థీసిస్ ప్రశ్న ఆ మడి గట్టు మీద పుట్టింది, లైబ్రరీలో కాదు: పచ్చిరొట్ట ఎన్ని రోజుల ముందు కలియదున్నితే నత్రజని విడుదల పంట అవసరంతో కలుస్తుంది?

ఈ ప్రశ్నలో గమనించాల్సింది ఏంటంటే ఇది ఒక సీజన్‌లో కొలవగలిగేది. నత్రజని విడుదల, కలుపు మొలకలు, పురుగుల్ని తినే పురుగుల సంఖ్య, వేరు మీద బూజు తెగులు, మట్టి శ్వాసక్రియ, పర్మాంగనేట్‌తో కొలిచే చురుకైన కర్బనం, ఇవన్నీ వారాల్లో నెలల్లో కదిలేవి. మొత్తం సేంద్రియ కర్బనం, మట్టి నిర్మాణం, కలుపు విత్తనాల నిల్వ, ఇవి ఏళ్ళ తరబడి కదిలేవి, ఇవి కావాలంటే పాత ట్రయల్‌కే వెళ్ళండి. ఆర్థికం, సామాజిక శాస్త్రం వైపు వెళ్ళేవాళ్ళకీ ఇంతే, రైతు మారడానికి పట్టే కాలం ముందే ఆలోచించుకోవాలి.

డిజైన్: ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోలేరు

ముందు తేల్చాల్సింది మీరు వ్యవస్థల్ని పోలుస్తున్నారా, ఒక్క అంశాన్నా అనేది. ఆర్గానిక్ ప్లాట్‌లో పంట మార్పిడి వేరు, ఎరువు వేరు, విత్తనం వేరు, మామూలు ప్లాట్‌లో అన్నీ వేరు అయినప్పుడు దిగుబడి తేడా ఎందుకొచ్చిందో మీరు చెప్పలేరు, వ్యవస్థగా తేడా ఉంది అని మాత్రమే చెప్పగలరు. అది తప్పేం కాదు, కానీ చర్చలో "కంపోస్ట్ వల్ల" అని రాయకూడదు. ఒక్క కంపోస్ట్ గురించే చెప్పాలంటే మిగతావన్నీ సమానంగా ఉంచి అదొక్కటే మార్చాలి. రెండూ కావాలంటే స్ప్లిట్ ప్లాట్ పెట్టి పెద్ద ప్లాట్లలో వ్యవస్థ, చిన్న ప్లాట్లలో అంశం పెట్టుకోవచ్చు.

బ్లాకులు వాలుకి అడ్డంగా పెట్టండి, అంటే ఒక బ్లాక్‌లోని ప్లాట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. నాలుగు రెప్లికేషన్లకి తగ్గకండి, అంటే ప్రతి ట్రీట్‌మెంట్ కనీసం నాలుగు వేరు వేరు ప్లాట్లలో ఉండాలి. ప్లాట్ల మధ్య ఖాళీ బాగా వదలండి, పక్క ప్లాట్ పురుగుమందు గాలికి ఇటు కొట్టుకొస్తే, వాన నీళ్ళతో యూరియా ఇటు పారితే మీ ఆర్గానిక్ ట్రీట్‌మెంట్ పేరుకే మిగులుతుంది. అంచు వరుసలు కోతలో కలపకండి.

ఇంకోటి, చాలామంది తెలియక చేసేది. ఒక ప్లాట్ నుంచి పది మట్టి శాంపిల్స్ తీసి పది రెప్లికేషన్లు అని అనాలిసిస్‌లో పెట్టేస్తారు. అవి పది కావు, ఒకటే. హర్ల్‌బర్ట్ 1984లోనే దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి హెచ్చరించాడు, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ట్రీట్‌మెంట్ ఏ యూనిట్‌కి వేశారో ఆ యూనిట్లే లెక్కలోకి వస్తాయి, అందుకే పొలంలో అడుగుపెట్టకముందే ఒక స్టాటిస్టిక్స్ మనిషి దగ్గర కూర్చుని, డమ్మీ డేటా వేసి ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో అనాలిసిస్ నడిపి చూసుకోండి.

రకం విషయం కూడా మర్చిపోవద్దు. ఎక్కువ నత్రజని ఇచ్చి ఎంపిక చేసిన రకాన్ని తెచ్చి ఆర్గానిక్ ప్లాట్‌లో వేసి పండలేదంటే, ఓడింది పద్ధతా రకమా?

నత్రజని ఖాతా రాయకుండా విత్తనం వెయ్యొద్దు

కంపోస్ట్‌ని టన్నుల్లో రాయడం మానెయ్యండి, కిలోల నత్రజనిలో రాయండి. 10 టన్నులు వేశారు, తేమ 40 శాతం, పొడి 6 టన్నులు, అందులో నత్రజని 1.5 శాతం అయితే 90 కిలోలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ బాగా మాగిన కంపోస్ట్‌లో తొలి ఏడాది పంటకి అందేది చాలాసార్లు పదో వంతు నుంచి ఐదో వంతు, అంటే 9 నుంచి 18 కిలోలు. మామూలు ప్లాట్‌కి 90 కిలోలు యూరియాగా ఇచ్చి "నత్రజని సమానంగా ఇచ్చాం" అని రాస్తే కాగితం మీద సమానం, వేరు దగ్గర కాదు. ఏది సమానం చేస్తున్నారో, మొత్తం నత్రజనా, అందే నత్రజనా, ముందే తేల్చుకుని అదే మాట థీసిస్‌లో రాయండి. ప్రతి విడత కంపోస్ట్‌నీ వేసేముందు విడిగా పరీక్ష చేయించాలి, పోయినేడాది రిపోర్టు ఈ ఏడాదికి పనికిరాదు. కర్బన నత్రజని నిష్పత్తి 25 దాటిన ఎరువు అయితే సూక్ష్మజీవులే మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, కొన్ని వారాలు పంట ఆకలితో ఉంటుంది. భాస్వరం ఖాతా కూడా పక్కనే పెట్టండి, నత్రజని కోసం పశువుల ఎరువు ఏటా దట్టించే చోట భాస్వరం పేరుకుపోతుంది.

శాంపిల్ తీసేటప్పుడు

నాకు బాగా దెబ్బ తగిలిన చోటు ఇది కాబట్టి కాస్త వివరంగా రాస్తా. రెండో సీజన్‌లో 32 ప్లాట్ల నుంచి తడి మట్టి తీసి పాలిథిన్ సంచుల్లో కట్టి శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌కి తెస్తే కోల్డ్ రూమ్ తాళం వేసుంది, తాళం మనిషి వెళ్ళిపోయాడు, సోమవారం చూసుకుందామని బల్ల మీద పెట్టేశాను. సోమవారం తీసి చూస్తే సంచుల లోపల నీటి చుక్కలు పట్టి ఉన్నాయి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నైట్రేట్ విలువలు అంతకుముందు వారం వాటికి రెట్టింపు దాటి వచ్చాయి. పొలంలో జరిగింది కాదది, సంచిలో సూక్ష్మజీవులు రెండు రోజులు పని చేసుకుంటూ పోవడం. పైగా పచ్చిరొట్ట కలిపిన ప్లాట్లలో ఎక్కువ పెరిగింది, అంటే చూడ్డానికి నాకు కావలసిన ఫలితం లాగే ఉంది. ఆ తేదీ డేటా మొత్తం తీసేశాం. మా ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒకటే మాట అంది, "మంచి ఫలితం వచ్చినప్పుడే ఎక్కువ అనుమానపడు."

అందుకని ఐస్ బాక్స్ పొలానికే తీసుకెళ్ళండి, తీసిన సంచి తీసినట్టు అందులో పెట్టండి, వీలైతే అదే రోజు 2 మోలార్ పొటాషియం క్లోరైడ్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేసెయ్యండి, లేదంటే 4 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు మించకుండా ఉంచండి. తేమ శాతం కోసం విడిగా కొంచెం మట్టి ఆరబెట్టడం తప్పనిసరి, అది లేకపోతే విలువలు పొడి మట్టి బరువుకి మార్చలేరు. కర్బన నిల్వ లెక్కకి బల్క్ డెన్సిటీ, అంటే ఘన సెంటీమీటరు మట్టి బరువు, మీరే కొలవాలి, పుస్తకంలోది వాడకూడదు. కలుపుకి 50 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్ ఎక్కడ పడాలో ముందే ర్యాండమ్‌గా రాసుకుని వెళ్ళండి, పొలంలో నిలబడి వేస్తే చెయ్యి తనంతట తనే కలుపు తక్కువున్న వైపు వెళ్తుంది.

పొలం నోట్‌బుక్ పెన్సిల్‌తో రాయండి, తడిసినా చెరగదు. రోజూ సాయంత్రం ఫోటో తీసి దాచండి.

రైతుల పొలాల్లో చేస్తే

స్టేషన్ ప్లాట్‌లో వచ్చింది బయట రాకపోవచ్చు, అందుకే కనీసం ఒక భాగం రైతుల దగ్గర చెయ్యమంటాను. 1990ల్లో మలావీలో వాడిన మదర్-బేబీ పద్ధతి దీనికి బాగా సరిపోతుంది, ఊరి మధ్యలో అన్ని ట్రీట్‌మెంట్లతో ఒక పెద్ద ట్రయల్, చుట్టూ రైతులు తమకి నచ్చిన రెండు మూడు మాత్రమే వేసుకునే చిన్న ట్రయల్స్. ఎవరు దేన్ని ఎంచుకున్నారు, దేన్ని వదిలేశారు అనేదే సగం డేటా. దిగుబడి పోతే నష్టం ఎవరు భరిస్తారో మొదటి రోజే మాట్లాడుకోండి, రాసుకోండి. కోత రోజు మీరు లేటుగా వెళ్తే రైతు ఆగడు, ఆగాల్సిన పని కూడా లేదు. ఫలితాలు జర్నల్ కన్నా ముందు వాళ్ళకి చెప్పండి.

రాసేటప్పుడు

ఈ రంగంలోకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆర్గానిక్ మీద ప్రేమ ఉంటుంది, నాకూ ఉంది, ఆ ప్రేమ వల్లే డేటాతో ఎక్కువ నిజాయితీగా ఉండాలి. దిగుబడి తగ్గితే తగ్గిందనే రాయండి, ఎంత తగ్గింది, ఏ దశలో తగ్గింది, ఎందుకు అనుకుంటున్నారు అని. ఆ "ఎందుకు" నుంచే తర్వాతి స్టూడెంట్ ప్రశ్న వస్తుంది. హెక్టారుకి వచ్చిన లాభాన్నీ, కిలో పంటకి వచ్చిన లాభాన్నీ రెండూ ఇవ్వండి, ఒకటి ఆర్గానిక్‌కి అనుకూలంగా ఉండి రెండోది లేకపోవడం మామూలే, నచ్చింది ఒక్కటే ఇవ్వడం మోసం.

డిగ్రీ అయ్యాక యూనివర్సిటీ ఉద్యోగమే ఉందనుకోకండి, సర్టిఫికేషన్ సంస్థలు, విత్తన కంపెనీలు, జీవ నియంత్రణ ఉత్పత్తుల కంపెనీలు, విస్తరణ విభాగాలు, రైతు సంఘాలు ఇలాంటివాళ్ళని తీసుకుంటాయి. వాళ్ళందరికీ కావాల్సింది పొలంలో ట్రయల్ పెట్టి నమ్మకంగా డేటా తెచ్చే మనిషి.

వెళ్ళిపోయే ముందు ఒక పని మిగిలుంటుంది. ప్లాట్ల మ్యాప్‌ని మూలల జీపీఎస్ పాయింట్లతో సహా గీసి, ఏ ప్లాట్‌లో ఏ తేదీన ఏం వేశారో, ఏ తేదీ డేటా ఎందుకు తీసేశారో అన్నీ రాసి డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వండి, ఆరబెట్టిన మట్టి శాంపిల్స్ కొన్ని లేబుల్ వేసి సీసాల్లో దాచండి. లేబుల్ సీసా బయట ఒకటి, లోపల ఒకటి, బయటిది ఊడిపోతుంది.